వెనకవేలు లేని పిట్ట

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ ఫొటో మంచిదేదన్నా ఉందా నీ దగ్గర? పెద్దకర్మకి ఫ్లెక్సీ వెయ్యాలి. నువ్వు ఎప్పుడూ మెళ్లో కెమెరా ఏసుకుని ఆమె చుట్టూనే తిరిగేవాడివి గదా" అన్నాడు.

వాళ్లమ్మ నాకు సొంత అత్త కాదు. మా అమ్మకి వరసకి వదిన, అంతే. కానీ రిటైరై ఊరికి తిరిగొచ్చాక నేను ఎక్కువ తిట్లు తిన్నది ఆమె దగ్గరే. ఆమె పోయి అప్పటికి వారం. "దానికేం భాగ్యంరా, బోలెడుంటాయి" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

వేలకొద్దీ ఫొటోలు ఉన్నాయి. పాలపిట్టలు, కొంగలు, పసిరిక పిట్టలు, నేను మీట నొక్కేలోపు పిట్ట ఎగిరిపోగా మిగిలిన కొమ్మలు. కొమ్మల ఫొటోలే ఎక్కువ. వాటిలో ఒకదాంట్లో అత్త మోచెయ్యి ఉంది. ఇంకొకదాంట్లో మట్టి మీద ఆమె నీడ ఉంది. ఒక వీడియోలో నలభై సెకన్ల పాటు ఆకాశం అటూ ఇటూ ఊగుతుంటే వెనకనుంచి ఆమె గొంతు: "అటు కాదు అల్లుడూ. పిట్ట ఇక్కడుంటే పైకి చూస్తావేంది. ఇటు, ఇటు. పోయింది. ఇంక దించు చెయ్యి." ఆమె ఉన్నవాటన్నిటిలోకీ స్పష్టంగా ఉన్నది ఆ వీడియోనే.

సిగ్గుపడుతూ బావమరిదికి అదే చెప్పాను. "సర్లే బావా, ఆధార్ కార్డులోది వేయిస్తాలే" అని పెట్టేశాడు. ఫ్లెక్సీలో అత్త, ఎవరినో దబాయించడానికి నోరు తెరవబోతూ పట్టుబడినట్టుంది. పోలిక మాత్రం సరిగ్గా కుదిరింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె సంగతి అర్థం కాదు. నేను చిలకలూరిపేటలో ముప్పై ఏళ్లు జువాలజీ లెక్చరర్‌గా పనిచేశాను. గోడకి వేలాడే పటాలు, సీసాల్లో తేలే కప్పలు, గాజు పలక మీద కోడిపిల్ల పిండం, ఇరవై నాలుగు గంటలది ఒకటి, నలభై ఎనిమిది గంటలది ఒకటి. ఇవి చూపించి జీతం తీసుకున్నాను. బతికున్న పిట్టని గుర్తుపట్టమని ఆ ముప్పై ఏళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోవడం నా అదృష్టం.

రిటైరయ్యాక షుగర్ వచ్చింది. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. మా ఊళ్లో ఊరికే నడిచేవాణ్ణి ఎవరూ ఊరికే వదలరు. "ఎక్కడికి సార్?", "ఏం పని మీద సార్?", "బండి చెడిపోయిందా సార్?" నాలుగు రోజులు జవాబులు చెప్పలేక విసిగిపోయి, నడకకి ఏదో ఒక కారణం ఉండాలని బైనాక్యులర్స్ కొన్నాను. దాంతోపాటు ఎనిమిది జేబుల చొక్కా, గడ్డం కింద తాడున్న టోపీ, పక్షుల పుస్తకం. గుంటూరు వైపు పిట్టలు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటే అందులోనూ చేరాను. ఆ వేషంలో మొదటిరోజు డొంక దారినపడి వెళుతుంటే, పత్తి చేలోంచి ఒక ముసలావిడ గొడ్డలి పట్టుకుని గట్టెక్కింది.

"ఎవరండీ, సర్వేకొచ్చారా? మా గట్టు జోలికి మాత్రం రాబాకండి. రాళ్లు పాతారంటే పీకేస్తా" అంది.

"నేనే అత్తా" అని టోపీ తీశాను.

ఎడంకంటిని అరచేత్తో మూసుకుని, కుడికంటితో నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఎడంకంట్లో శుక్లం ఉంది ఆమెకి. దేన్నైనా గట్టిగా చూడాలంటే ఆ కన్ను మూసేది. "నువ్వా అల్లుడూ. ఈ ఏషం ఏంది? ఏదన్నా నాటకం ఆడుతున్నారా పేటలో?" అంది. పిట్టల్ని చూడ్డానికి వచ్చానన్నాను. ఆమె చుట్టూ చూసింది. మందారపు చెట్టంత ఎత్తు కూడా లేని పత్తి, పైన పసులపోలిగాడు పిట్ట ఒకటి కరెంటు తీగ మీద. "చూడ్డానికి అంత సామానెందుకు? కళ్లుంటే చాలదా?" అంది. ఆమెకి ఉన్నది ఒకటిన్నర కన్ను.

అలా మొదలైంది. రోజూ నా నడక ఆమె చేను దాకా. ఆమెకి డెబ్బై దాటాయి, మనిషి పొట్టి. మిరపకాయలు కోసీ కోసీ వేళ్ల చివర్లు నల్లగా, బిరుసుగా ఉండేవి. నిలబడితే ఒక కాలి పిక్కని రెండో పాదంతో గోక్కుంటూ నిలబడేది. పిట్టల్ని తిట్టేది. ఏ పిట్ట ఏ పొద్దున ఏ గట్టు మీద ఉంటుందో, ఎప్పుడు పిల్లల్ని పెడుతుందో ఆమెకి తెలుసు. కానీ పుస్తకంలో పేర్లు తెలియవు. నాకు పేర్లే తెలుసు. ఇద్దరినీ కలిపితే ఒక పక్షి శాస్త్రవేత్త అయ్యేవాడేమో, విడివిడిగా మాత్రం ఆమె ఒక రైతు, నేను ఒక టోపీ.

వేసవిలో ఆమె కళ్లంలో ఉండేది. మిరపకాయలు ఎండబోసిన చోట ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్లు. తాలంటే తెల్లబడిపోయినవీ, మచ్చలు పడ్డవీ. అవి కలిస్తే మార్కెట్ యార్డులో రేటు రాదు. అత్త చెయ్యి కుప్పలోకి పోవడం, తాలుకాయ పక్కకి పడటం తప్ప మధ్యలో ఏం జరిగేదో నాకు కనపడేది కాదు. మాటలు మాత్రం ఆగేవి కావు. "ఎట్టా కనిపెడతావు అత్తా, అంత తొందరగా?" అని అడిగాను ఒకసారి.

"రంగు చూడబాకు" అంది. "రంగు అబద్ధమాడిద్ది. పొద్దున మంచులో ఒక రంగు, మిట్టమధ్యాన్నం ఒక రంగు. తొడిమ చూడు. చేతిలో బరువు చూడు. రంగు చూసి కొనేది తెలివితక్కువోడు."

బాగుందనిపించి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కిందే గీత కూడా గీశాను. గీత గీసిన పావుగంటకి ఆ కళ్లం అంచునే ఎర్రటి పిట్ట ఒకటి కనపడింది.

పిచ్చుకంత ఉంది. వీపు, రొమ్ము, రెక్కలు అన్నీ ఇటుకరంగు. పుస్తకంలో ఎక్కడా లేదు. నా జీవితంలో మొట్టమొదటిసారి కొమ్మ కాకుండా పిట్టే పడింది ఫొటోలో. అక్కడే నిలబడి గ్రూపులో పెట్టాను, ఇది ఇంతకుముందు ఎవరూ నమోదు చెయ్యని రకం కావచ్చునేమోనని, 'కావచ్చునేమో' అన్న మాటని వినయం కోసం చేర్చి. తరవాత ఫోన్ తీసుకెళ్లి అత్తకి చూపించాను. ఆమె ఎడంకన్ను మూసుకుని చూసి, పక్కావిడకి చూపించింది. ఆవిడ ఇంకో ఆవిడకి చూపించింది. వరసంతా కొంగు నోట్లో కుక్కుకుంది.

"పిచ్చిక అల్లుడూ" అంది అత్త. "కళ్లం దుమ్ములో పొర్లాడింది. రోజూ పొర్లాడతయ్యి. ఒక చెంబు నీళ్లు పోస్తే నీ కొత్త పిట్ట కొట్టుకుపోయిద్ది."

అప్పటికే గ్రూపులో ఒకాయన ఫొటో పెద్దది చేసి చూసి, ఇది ఊరపిచ్చుక అనీ, ఒంటికున్నది కారం అనీ తేల్చేశాడు. ఆ రోజునుంచీ నన్ను గ్రూపులో 'మిరపకాయ సార్' అనేవాళ్లు. నేను ఏం పెట్టినా "కడిగి చూశారా సార్?" అని అడిగేవాళ్లు. నేను నవ్వే బొమ్మలు పెట్టేవాణ్ణి గానీ లోపల ఉడికిపోయేవాణ్ణి. ఎప్పటికైనా వీళ్లందరి నోళ్లూ మూతపడే పిట్టని ఒక్కదాన్ని చూపించాలని పట్టుదలగా ఉండేది. అరవై దాటినవాడికి ఉండాల్సిన పట్టుదల కాదని తెలుసు. అయినా ఉండేది.

ఆ తరవాత ఆగస్టులో రెండు రోజులు వాన కొట్టింది. మూడోరోజు తెరిపిచ్చాక బయల్దేరాను. మా నల్లరేగడిలో వాన వెలిశాక నడవడం అంటే అడుగడుక్కీ చేను కొంచెం మోసుకెళ్లడమే. బూట్లని ఈడ్చుకుంటూ గట్టు చేరేసరికి అత్త వంగి కూర్చుని ఉంది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది.

మోకాలెత్తు పత్తి సాళ్ల మధ్యనుంచి ఏదో నడుస్తోంది. కోడిపెట్టంత ఉంది. మెడ పొడుగు, కాళ్లు పొడుగు, ఒళ్లంతా గోధుమరంగు మీద నల్లటి గీతలు. మెడ ముందుకు సాచి, వంగి, దొంగలాగా నాలుగడుగులు వేసి ఆగింది. మళ్లీ నాలుగడుగులు. చేను మూల గడ్డి బాగా మొలిచిన చోటుంది, అందులోకి దూరి మాయమైంది. మొత్తం అయిదారు సెకన్లు. కెమెరా నా జేబుల్లో ఒకదాంట్లో ఉంది, ఏ జేబో గుర్తు రాలేదు.

"నెమలి పిల్ల అత్తా" అన్నాను. "ఆడది." శాస్త్రీయనామం కూడా చెప్పాను. నెమళ్లు మా వైపు ఎక్కువైపోయాయి, విత్తనం వేస్తే ఏరుకుతింటున్నాయని ఊరంతా గోల. అందుకని నాకు అనుమానం కూడా రాలేదు.

"నెమలి కాదు" అంది. గొంతు ఎప్పటిలా లేదు. "నేలనెమలి."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పాఠం మొదలెట్టాను. నేలనెమలిని మన వైపు చూసినవాళ్లు ఈ కాలంలో లేరనీ, గుజరాత్‌లో, రాజస్థాన్‌లో ఏవో కొన్ని మిగిలాయనీ, గడ్డిబీళ్లన్నీ చేలయిపోయాక ఇక్కడికి వచ్చే ప్రశ్నే లేదనీ, పుస్తకంలో అంతా ఉందనీ చెప్పాను.

"పుస్తకంలో ఏముందో దానికి తెలవదుగా" అని నా చెయ్యి పట్టుకుని సాల్లోకి లాక్కెళ్లింది. తడి మట్టి మీద అచ్చులు పడి ఉన్నాయి. "లెక్కపెట్టు" అంది.

మూడు వేళ్లు. మూడూ ముందుకే.

"వెనక?"

వెనక ఏం లేదు. మట్టి నున్నగా ఉంది. మళ్లీ గట్టు మీదకి లాక్కెళ్లి ఇంకొక అచ్చు చూపించింది. అది నిజంగా నెమలిది. ముందు మూడు వేళ్లు, వెనక చిన్న గుంట. "నెమలికి వెనకవేలు ఉంటది. చెట్టెక్కి కొమ్మ పట్టుకోవాలి గదా. ఇది జన్మలో చెట్టెక్కదు. దీనికెందుకు వేలు?" అంది.

నేను టోపీ తీసి, పుస్తకం తీసి, నిలబడే పేజీ తిప్పాను. 'వెనకవేలు ఉండదు' అని రాసి ఉంది. కింద ఎర్ర సిరాతో గీత ఉంది. ఆ గీత నేనే గీశాను. పరీక్షకి వచ్చే ప్రశ్న అనుకుని ఉంటాను.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న జొన్నచేలో గుంటక తోలుతుంటే, ఎద్దుల ముందు నడవడం ఆమె పని. గుంటక బ్లేడు సాళ్ల మధ్య కలుపుని కోసుకుంటూ పోతుంది, దారిలో ఏ పిట్ట గుడ్లున్నా అంతే. అందుకని పిల్లలెవరన్నా ముందు నడిచి, గుడ్లు కనపడితే చెయ్యెత్తాలి. వెనక తోలేవాడు అక్కడ గుంటక ఎత్తి, దాటించి, మళ్లీ దించుతాడు. వాళ్లింట్లో అట్టా చేసేవాళ్లట.

"ఆ రోజు బుడమకాయలు కనపడినయ్యి. తిందామని కోసుకుంటా ఆగాను. ఎద్దులు దాటిపోయినయ్యి" అంది. "మూడు గుడ్లు. నేలనెమలివి. మా నాన్న ఒక్క మాట అనలా. మధ్యాన్నం కూడు తినలా, అంతే. ఆ తరవాత ఆ పిట్ట మళ్లా మా చేలోకి రాలా. ఇదిగో, ఇప్పుడొచ్చింది."

గడ్డిలో గూడుందనీ, మూడు గుడ్లున్నాయనీ ఆమె అప్పటికే చూసుకుంది. "ఈ మూడూ బయటపడాలి అల్లుడూ. నేను ఇంక అడిగేదేం లేదు" అంది. అరవై ఏళ్లపాటు ఒక మనిషి ఆ బుడమకాయల్ని మోసుకు తిరుగుతుందని నాకు తెలియదు. ఆమెని అంతకుముందు ఎప్పుడూ అట్టా చూడలేదు. నా చెయ్యి మాత్రం ఫోన్ కోసం ఎనిమిది జేబులూ వెతుకుతోంది.

ఆమె చూసింది. "పెట్టబాకు" అంది. "ఆ గ్రూపో గీపో, అందులో పెట్టబాకు. పిల్లలు బయటికొచ్చేదాకా ఎవరికీ చెప్పనని నా నెత్తిన చెయ్యి పెట్టు."

పెట్టాను. "వచ్చాక?" అని అడిగాను, చెయ్యి ఇంకా తియ్యకుండానే.

"వచ్చినాక నీ ఇష్టం."

ఆ తరవాత రోజులు ఆమె ఎలా గడిపిందో చెబితే నమ్మరు. తెల్లారేసరికి గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చునేది. కుక్కల్ని తోలేది, కాకుల్ని తోలేది, నన్ను తోలేది. గట్టు దిగడానికి వీల్లేదని నాకు హద్దు పెట్టింది. పత్తికి పచ్చదోమ పట్టి ఆకులు ముడుచుకుంటున్నాయి. మందు కొట్టాలని కొడుకు గొడవ.

"పిట్ట కోసం చేను ఒదులుకుంటామా అమ్మా? ఎవరన్నా వింటే నవ్వుతారు" అన్నాడు నా ముందే.

"నవ్వనీ. ఆ మూల నాలుగు సాళ్లు నాయి. వాటి పత్తి నాకొద్దు. మిగతా చేనంతా కొట్టుకో."

వాడు నావైపు చూసి, "నువ్వన్నా చెప్పు బావా" అన్నాడు. నేను ఆకాశం చూశాను. అది నాకు బాగా అలవాటైన పని.

నేను ఆ రోజుల్లో చేసిన పని ఇంకొకటుంది. గ్రూపులో పెట్టాల్సిన సందేశాన్ని ఫోన్లో రాసి దాచుకున్నాను. రోజూ తీసి దిద్దేవాణ్ణి. మొదటిరోజు రాసినదాంట్లో అత్త పేరు, ఊరు, గుంటక సంగతి అన్నీ ఉన్నాయి. మరీ పొడుగైందని కుదించాను. నాలుగోరోజుకి ఆమె 'ఒక స్థానిక మహిళా రైతు' అయింది. పదోరోజుకి 'స్థానికుల సాయంతో' అయింది. ఆఖరికి 'నేను' అన్న మాట నాలుగుసార్లు ఉంది, ఆమె ఎక్కడా లేదు. వెనకవేలు లేకపోవడాన్ని బట్టి నేను గుర్తుపట్టినట్టు చాలా చక్కగా వచ్చింది వాక్యం. చదువుకుని మురిసిపోయేవాణ్ణి.

కానీ ఫొటో లేదు. గట్టు మీదనుంచి చూస్తే పత్తంతా ఒకలాగే ఉంటుంది. గూడు ఎక్కడో గురి కుదరదు. ఒకరోజు మధ్యాహ్నం వెళ్లేసరికి గట్టు మీద ఆమె లేదు. అన్నానికి వెళ్లి ఉంటుందనుకున్నాను. గబగబా దిగి, గడ్డికి నాలుగడుగుల ఇవతల ఒక కందికంప పాతి, దానికి నా తెల్ల చేతిరుమాలు కట్టి వచ్చాను. గూటి వైపు తొంగి కూడా చూడలేదు. మాటంటే మాటే గదా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఇంక గట్టు మీదనుంచే రుమాలుకి గురిచూసి కెమెరా పెట్టుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి మందు వాసన. పంపులు వీపున తగిలించుకుని ఇద్దరు మనుషులు చేలో ఉన్నారు. మూల నాలుగు సాళ్లలో ఆకులు తడిగా మెరుస్తున్నాయి. గడ్డి అంతా తొక్కేసి ఉంది. నేను పరిగెత్తాను. గూటి చోట పెంకులు. రంగు తేలిన పెంకు ముక్కలు, వాటి పక్కన బూటు అచ్చు. పిట్ట లేదు.

"ఈ సాళ్లు వదిలెయ్యమని చెప్పలేదా మీకు?" అని అరిచాను.

"చెప్పారండీ" అన్నాడు పెద్దతను. "కానీ ఇక్కడ గుడ్డ కట్టి ఉంది గదండీ. నిన్న వేరేవాళ్లు ఎవరో కొడతా ఇక్కడ ట్యాంకు అయిపోయి ఆపారేమో అనుకున్నాం. గుడ్డ కట్టిన కాడినుంచే గదండీ మొదలెట్టేది."

అది నాకు తెలుసు. మా ఊళ్లో పుట్టినవాడు ఎవడికైనా తెలుసు. మందు కొట్టేవాడు ట్యాంకు అయిపోయిన చోట పుల్ల పాతి గుడ్డముక్క కట్టి నీళ్లకి వెళతాడు, వచ్చి అక్కడినుంచి మళ్లీ కొడతాడు. మా నాన్న చేలో నేనే కట్టాను చిన్నప్పుడు. పుస్తకాలు చదివి మర్చిపోయాను.

వెనక్కి తిరిగితే అత్త నిలబడి ఉంది. అతని మాట మొత్తం విన్నది. కందికంప దగ్గరికి నడిచి రుమాలు విప్పింది. దాని మూల మా ఆవిడ కుట్టిన అక్షరం ఉంది. "నీదేనా అల్లుడూ?" అంది.

"నాదే."

వంగి పెంకులన్నీ ఏరి కొంగులో ముడేసుకుంది. రుమాలు నా చేతిలో పెట్టింది. "ఇంటికి పో" అంది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం అదే మొదటిసారి.

మూడు రోజులు గడప దాటలేదు. అన్నం సయించలేదు. ఆ వారం షుగర్ నార్మల్‌కి వచ్చిందని మా ఆవిడ సంతోషపడింది, ఎందుకు వచ్చిందో చెప్పలేకపోయాను. చిన్నతనంలో ఆమె తప్పు చేసిందంటే ఏడెనిమిదేళ్ల పిల్ల, బుడమకాయలు కనపడ్డాయి. నాకేం కనపడిందని చేశాను? పేరు. దిద్దీ దిద్దీ పెట్టుకున్న సందేశాన్ని తుడిచేశాను. ఫోన్ తీసి బీరువాలో పడేశాను. గ్రూపులో ఏం జరుగుతోందో కూడా చూడలేదు. ఆమెకి రెండోసారి కూడా అదే జరిగింది, ఈసారి నావల్ల జరిగింది, ఇదే తిరిగేది బుర్రలో. నాలుగోరోజు ఉండబట్టలేక, కాళ్లు పట్టుకుందామనే వెళ్లాను. బైనాక్యులర్స్ తీసుకెళ్లలేదు.

ఆమె తన చేలో లేదు. పక్క రైతు జొన్నచేను గట్టు మీద కూర్చుని ఉంది. "అత్తా, నావల్లే" అని మొదలెట్టాను.

కొంగుముడి విప్పి పెంకులు నా అరచేతిలో పోసింది. "చూడు" అంది.

"చూడలేనత్తా."

"చూడమంటుంటే. ముప్పై ఏళ్లు పిల్లకాయలకి ఏం చెప్పావు నువ్వు?"

చూశాను. మూడు గుడ్ల పెంకులు. నలిగినా, ఒక్కోదానికీ లావు కొస మూతలాగా గుండ్రంగా కోసినట్టు విడిపోయి ఉంది. లోపలి పొర తెల్లగా, శుభ్రంగా ఎండిపోయి ఉంది. సొన లేదు. నెత్తురు లేదు. తొక్కితే పగిలిన గుడ్డు అలా ఉండదు. పిల్ల ముక్కు మీద చిన్న పన్నుంటుందనీ, దాంతో పెంకుని లోపలినుంచి చుట్టూ గీరుకుంటూ వస్తుందనీ ముప్పై బ్యాచ్‌లకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినవాణ్ణి నేనే. బూటు తొక్కింది ఖాళీ పెంకుల్ని. మళ్లీ చూశాను. కళ్లలో నీళ్లు తిరిగి సరిగ్గా కనపడలేదు.

"ఎప్పుడత్తా?"

"మందు కొట్టిందానికి ముందురోజు పొద్దున్నే. మూడూ వచ్చినయ్యి. తడారగానే తల్లి ఈ జొన్నలోకి తోలుకొచ్చింది. నేనూ వెనకే వచ్చా." ఆమె మొహం నిండా నవ్వుంది. అంత తృప్తి ఆ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. "నువ్వు జెండా పాతేటప్పటికి ఆడ ఎవరూ లేరు. ఇక్కడ కూర్చుని చూస్తానే ఉన్నా, ఏం చేస్తన్నాడబ్బా ఈ మనిషి అని."

నాకు సంతోషం, కోపం ఒకేసారి వచ్చాయి. "మూడు రోజులు అన్నం తినలేదత్తా. నేనే చంపాననుకున్నాను. ఆ రోజే ఒక్క మాట చెబితే పోయేదిగా?"

"పిల్లలు బయటికొచ్చేదాకానే గదా నీ ఒట్టు" అంది. "వచ్చినయ్యని చెబితే నువ్వు ఊరుకునేవాడివా అల్లుడూ? మధ్యాన్నానికల్లా కార్లేసుకుని దిగేవాళ్లు మీవాళ్లంతా. ఒక్కరోజు పిల్లలు, ఎటు పరిగెత్తుతయ్యి? ఇప్పుడు కాళ్లు గట్టిపడినయ్యి. ఇంక ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

ఊరుకునేవాణ్ణే అనడానికి నోరు తెరిచాను. ఆమె ఎడంకన్ను అరచేత్తో మూసుకుని నా మొహంలోకి కాసేపు చూసి, ఇంకేం అడక్కుండా జొన్నచేను వైపు తిరిగింది.

ఆ పిల్లల్ని నేను చూడలేదు. గ్రూపులో కూడా ఇప్పటిదాకా పెట్టలేదు. పక్షిజాతికి నావల్ల ఏదన్నా మేలు జరిగిందంటే, అది ఆ మూడు రోజులు నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడమే. అదీ నేను చేసింది కాదు, ఆమె చేయించింది.